ముప్పై మీటర్ల నుంచి ముప్పై ఏడు దాకా

నాచారం,
12 జూన్ 2024.

గౌరవనీయులైన జనార్ధనరావు సార్ గారికి, బుచ్చిరాములు నమస్కరించి రాసేది.

ఇక్కడ మేము క్షేమం. కాకినాడలో మీరు, తారామణి అమ్మగారు క్షేమమని తలుస్తాను. ఫోన్‌లో మీకు వినబడదు, నాకు మాట రాదు. అందుకే ఉత్తరం.

మా వీధి బోరు నీళ్లు చెడ్డాయి సార్. బిందె అడుగున పచ్చటి మడ్డి దిగుతుంది. మా ఇంటామె లక్ష్మీనర్సమ్మ చేతులు మణికట్టు దాకా పగిలాయి. దవాఖానలో బోరు నీళ్లు ముట్టొద్దన్నారు. నల్లా నీళ్లు మూడు రోజులకోసారి గంటసేపు వస్తాయి. ముట్టకుండా ఎట్లా?

మా ఇళ్ల వెనక రంగుల ఫ్యాక్టరీ మీకు తెలుసు. తొంభై ఏడులో దాని చుట్టే మనం ఆరు బోర్లు వేసి రాయి తీశాం. ఇప్పుడు అది మూతబడింది. వెనక మురికి గుంత మాత్రం అట్లానే ఉంది. ఆ జాగా ఒక బిల్డరు కొన్నాడు. గుంత మీద మట్టి పోసి అపార్ట్‌మెంట్లు కడతాడట. గుంత తవ్వి తీసేదాకా కట్టనివ్వొద్దని మా కాలనీ అర్జీ పెట్టింది. విచారణకు ఒక కమిటీ వేశారు.

మొన్న ఆదివారం కమ్యూనిటీ హాలుకు హిమజ అనే అమ్మాయి వచ్చింది. ఉప్పల్‌లో ఏదో కంపెనీలో పని. బిల్డరు తరఫున వచ్చింది. లాప్‌టాప్ పెట్టి భూమి లోపలి బొమ్మ గోడ మీద చూపింది. గుంత ఎర్రగా, చుట్టూ రాయి నీలంగా. “ఇది కంప్యూటర్ మోడల్ అండీ, ఒక్కో సెకనుకు పదేళ్లు నడుస్తుంది” అంది. ఎరుపు మా వీధిని తాకడానికి ఇరవై సెకన్లు పట్టింది. అంటే రెండు వందల ఏళ్లు. మా బోరు చెడింది గుంత వల్ల కాదంది.

మా కాలనీ సెక్రటరీ మహిపాల్ లేచాడు. “మేడమ్, నా బిందెల మడ్డి రెండొందలేండ్ల తర్వాత రావాల్సిందా? నేను జర ముందుగాల తాగుతున్ననా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. రాయి అంకెలు తొంభై ఏడు రిపోర్టువి, జనార్ధనరావు గారివి అంది.

మీ పేరు వినగానే నాకు గర్వమైంది. ఆ సారు ల్యాబులోనే ఇరవై రెండేళ్లు అటెండరుగా చేశానని పక్కవాళ్లకు చెప్పుకున్నాను.

ఇంటికొచ్చాక ఒక అనుమానం వచ్చింది. ఆ బొమ్మలో రాయికి వేసే అంకె ఎట్లా వస్తుంది సార్? తీరిక ఉంటే రాయండి.

ఇట్లు
బుచ్చిరాములు

*

కాకినాడ,
27 జూన్ 2024.

ప్రియమైన బుచ్చిరాములుకి,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. కవరు మీది అక్షరాలు చూడగానే తారామణి, “రాళ్ల పెట్టెల మీద అంత అందంగా రాసేవాడు, అతనే కదూ?” అంది.

నీ ప్రశ్న మంచిది. మోడల్ అంటే భయపడేంత బ్రహ్మవిద్య కాదు. భూమిని చదరంగం బల్లలా గళ్లుగా విడగొడతారు. అయితే గళ్లు పక్కలకే కాదు, కిందికి కూడా ఉంటాయి. లక్షల గళ్లు. ప్రతి గడికీ ఒక అంకె ఇస్తారు. ఆ రాయి తనలోంచి నీటిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకె అది. ఒత్తిడి ఎక్కువున్న గడి నుంచి తక్కువున్న గడికి నీరు ఎంత జరుగుతుందో యంత్రం లెక్క కడుతుంది. నెలలు, ఏళ్లు, శతాబ్దాలు అలా కట్టుకుంటూ పోతుంది.

లెక్క యంత్రానిది. అంకె మనది. గుర్తుందా? రాతి ముక్కని రబ్బరు తొడుగులో బిగించి, ఇటు నుంచి నీళ్లు తోసి, అటు గాజుగొట్టం దగ్గర నువ్వు కాపలా కూర్చునేవాడివి. రెండు రోజులకి ఒక చుక్క పడేది. “పడింది సార్!” అని నువ్వు పరిగెత్తుకొచ్చేవాడివి. నువ్వు అరిచింది అప్పుడే. మిగతా ఇరవై రెండేళ్లూ నీ గొంతు నేను విననే లేదు! ఆ చుక్కే ఇవాళ ఆ అమ్మాయి కంప్యూటరులో నడుస్తోంది. గర్వపడు.

మడ్డికి వెయ్యి కారణాలుంటాయి. పాత ఇనుప పైపులు, డ్రైనేజీ. మోడల్‌ని అనుమానించకు. అక్కడి రాయి ఎంత గట్టిదో నీకూ నాకూ తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

నీ
జనార్ధనరావు

*

నాచారం,
20 జులై 2024.

గౌరవనీయులైన సార్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అర్థమైంది.

రెండు రోజులకు ఒక చుక్క. నాకూ గుర్తుంది. కానీ ఆ చుక్క గట్టి ముక్కల్లోంచి వచ్చింది సార్. విరిగిన ముక్కలు తొడుగులో కూర్చునేవి కావు. బిగిస్తే అంచు కోసుకుని తొడుగు చిరిగేది. కొత్తది తెప్పించాలంటే ఆరు నెలలు. అందుకని మీరు విరిగినవి పక్కన పెట్టమనేవారు. తర్వాత పారేయమన్నారు.

నాలుగో బోరులో అవి ఎక్కువ. ఆ బోరు సరిగ్గా గుంతకూ మా వీధికీ మధ్య వేశాం. ముప్పై మీటర్ల కింద రాయి చేతిలోనే విడిపోయేది. పగుళ్ల లోపల తుప్పు మరక ఉండేది. నీళ్లు నడిచిన జాడ అని మీరే చూపించారు.

పారేయమన్నవి నేను పారేయలేదు. అప్పుడే ఇల్లు కడుతున్నాను. సంచిలో వేసుకుని తెచ్చి, బోరు పక్కన బట్టలుతికే బండ చుట్టూ అంచుగా పేర్చి సిమెంటు వేశాను. నలభై ఒక్క ముక్కలు. పైన నేను పసుపు రంగుతో వేసిన నంబర్లు సగం అరిగాయి. కింది పక్క సిమెంటులో ఉంది. నిన్న టేపు పెట్టి కొలిచాను. మొత్తం రెండు మీటర్లు.

లక్ష్మీనర్సమ్మ చూసింది. “ఇరవయ్యేడేండ్ల సంది నేను కూసునే జాగను ఇప్పుడు కొలుస్తున్నవేంది? నా పేరు మీద రిజిస్ట్రీ జేస్తవా?” అంది. నవ్వి ఊరుకున్నాను. ఎందుకు కొలుస్తున్నానో చెప్పలేదు.

సార్, నీళ్లు గట్టి ముక్కలోంచి పోతాయా, పగుళ్లలోంచి పోతాయా? మనం కొలవని రాయికి ఆ గళ్లలో ఏ అంకె ఉంది?

ఈ సంగతి హిమజమ్మకు చెబుదామనుకుంటున్నాను. మీరు సరే అంటేనే.

ఇట్లు
బుచ్చిరాములు

*

కాకినాడ,
14 ఆగస్టు 2024.

బుచ్చిరాములుకి,

తొందరపడి ఎవరితోనూ ఏమీ మాట్లాడకు.

ముక్క భూమిలోనే పగిలి ఉందా, డ్రిల్లింగ్ దెబ్బకి పగిలిందా అన్నది శాస్త్రజ్ఞులు తేల్చాల్సిన విషయం. చూపుకి రెండూ ఒకలాగే ఉంటాయి. నీలాంటివాడు పొరబడటం సహజం.

రిపోర్టులో, బోర్ల నుంచి తీసిన రాయి పేర్చిన పెట్టెల ఫోటోలున్నాయి. నాలుగో బోరు పెట్టె చూడు. ముప్పై మీటర్ల నుంచి ముప్పై ఏడు దాకా రాతి కడ్డీ వెంట కడ్డీ, ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. పెట్టె మీది రాత నీదే. ఇవాళ నువ్వే వెళ్లి అక్కడ రాయి పగిలిపోయి ఉందంటే, అప్పుడు రాసింది అబద్ధమా అని ముందు నిన్నే అడుగుతారు.

ఇంకో మాట. మన పరిశోధన సంస్థ తీసిన రాళ్లు సంస్థ ఆస్తి. వాటిని సంచిలో ఇంటికి పట్టుకెళ్లడాన్ని ఏమంటారో నేను రాయనక్కర్లేదు. నీకు పింఛను వస్తోంది. డెబ్భై దగ్గర పడ్డావు. నీ మేలు కోరి చెబుతున్నాను, ఆ బండ జోలికి వెళ్లకు.

ఈ ఉత్తరం దాచాల్సిన అవసరం లేదు.

జనార్ధనరావు

*

నాచారం,
22 సెప్టెంబర్ 2024.

సార్ గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు. అది భయం వల్ల కూడా.

పోయిన మంగళవారం ఉప్పల్‌లో విచారణ జరిగింది. నేను వెనక వరుసలో కూర్చున్నాను. హిమజమ్మ మళ్లీ ఆ బొమ్మ నడిపింది. మళ్లీ ఇరవై సెకన్లు. కమిటీ చైర్మన్, “కాలనీ వాళ్లలో ఇంకెవరైనా మాట్లాడతారా?” అన్నారు. ఎట్లా లేచానో తెలియదు, లేచాను. అందరూ తిరిగి చూశారు. “నీళ్లు...” అన్నాను. ముందు వరుసలో ఒకాయన, “పాపం, పెద్దాయనకు నీళ్లియ్యుర్రి” అని బాటిల్ అందించాడు. తాగి కూర్చున్నాను.

మహిపాల్ ఇంటికొచ్చి ఈ సంగతి లక్ష్మీనర్సమ్మకు చెప్పాడు. ఆమె నా వైపు చూడకుండానే అంది. “నలభై ఐదేండ్ల కాపురంల ఈయన మాట్లాడిన మాటలన్ని గంపల వోస్తె గంప అడుగు నిండదు. గా దాసిపెట్టినయన్ని ఎందుకు, ఆడ ఒక్కటన్న తియ్యకపోతివి?”

బయట బల్ల మీద బిల్డరు ఇచ్చిన రిపోర్టు పెట్టారు. అట్ట తిప్పి చూశాను. సలహాదారు అని మీ పేరు, కింద మీ సంతకం ఉంది. తేదీ ఈ మార్చిది. నేను జూన్‌లో మీకు రాశాను. మీ జవాబుల్లో ఈ మాట లేదు. మరిచి ఉంటారు.

నేనూ ఒకటి రాయకుండా దాచాను. ఇప్పుడు రాస్తాను.

పెట్టెలో ఖాళీ లేదన్నారు. ఖాళీలు మూసింది నేను. ముక్క తీసిన చోట అంతే పొడవు చెక్కదిమ్మె పెట్టాలి, దాని మీద పొడవు రాయాలి. అది మీరు నేర్పిన పద్ధతే. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారని ఆ రోజు మీరు కంగారుగా ఉన్నారు. పెట్టె పళ్లూడిన నోరులా ఉందని విసుక్కున్నారు. మీరు భోజనానికి వెళ్లినప్పుడు నేను దిమ్మెలన్నీ తీసేసి ముక్కలు దగ్గరికి జరిపాను. మీరు వచ్చి చూసి, “ఇప్పుడు బాగుంది బుచ్చిరాములూ” అన్నారు. ఆ మాట చాలా ఏళ్లు మనసులో పెట్టుకున్నాను.

ఆ పెట్టెలో అయిదు వరుసలు. వరుసకు ఒక మీటరు. అయిదు మీటర్ల పెట్టె మీద ముప్పై నుంచి ముప్పై ఏడు అని నేనే రాశాను. ముప్పై ఏడులోంచి ముప్పై తీసేస్తే ఏడు. ఎవరూ తీసివేసి చూడలేదు. ఆ రెండు మీటర్లు మా బండ చుట్టూ ఉన్నాయి.

డిసెంబర్‌లో ఇంకో విచారణ ఉంది. విరిగిన ముక్కలు కొలవలేదని మీరు ఒక్క లైను రాస్తే చాలు. నా మాట ఎవరు వింటారు? మీ మాట వింటారు. నా తప్పు నేను రాసిస్తాను.

ఇట్లు
బుచ్చిరాములు

*

కాకినాడ,
10 అక్టోబర్ 2024.

ప్రియమైన బుచ్చిరాములుకి,

పోయిన ఉత్తరం కొంచెం కటువుగా రాశాను. మనసులో పెట్టుకోకు. ఆ వారం నాకు ఒంట్లో బాగుండలేదు.

ఒక్క లైను అంటున్నావు. ఆ లైను ఎంత బరువో నీకు తెలియదు. ఆ రిపోర్టు ఆధారంగా ముగ్గురు పిల్లలు డాక్టరేట్లు చేశారు. వాళ్లంతా ఇవాళ పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. నేను లైను రాస్తే పడేది నేనొక్కణ్ణే కాదు.

సలహాదారు అన్నది పేరుకే. పాత పరిచయస్తులు అడిగారు, సంతకం పెట్టాను. నీకు రాయదగ్గ సంగతి అనిపించలేదు.

ఒక మంచి కబురు. జనవరిలో సంస్థ వాళ్లు కొత్త ల్యాబుకి నా పేరు పెడుతున్నారు. నీకు ఆహ్వానం పంపించమని చెప్పాను. నువ్వు ముందు వరుసలో కూర్చోవాలి. తారామణి కూడా నిన్ను చూడాలంటోంది.

నీళ్లు శుభ్రం చేసే మిషను ఒకటి మీ ఇంటికి పంపిస్తున్నాను. వాళ్లే వచ్చి గోడకి బిగిస్తారు. లక్ష్మీనర్సమ్మగారికి నా కానుకగా ఇవ్వు. ఇక ఈ విషయం ఇంతటితో వదిలేద్దాం.

నీ
జనార్ధనరావు

*

నాచారం,
5 నవంబర్ 2024.

సార్ గారికి,

మిషను వచ్చింది. బిగించనివ్వలేదు. డబ్బా తలుపు పక్కనే ఉంది. లక్ష్మీనర్సమ్మ దాన్ని చూసి, “తాగే నీళ్లకు మిషను సరే. ఒంటికి వోసుకునే నీళ్లకు, ఉతికే నీళ్లకు మీ సారు ఏం పంపుతడట?” అంది.

ఆ మర్నాడు షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ వెళ్లాను. హిమజమ్మకు అంతా చెప్పాను. మాట రాకపోతే రాసి చూపించాను. ఆమె రిపోర్టులో ఆ పెట్టె ఫోటో తెరిచి వరుసలు లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. మూడోసారి లెక్కపెట్టి లాప్‌టాప్ మూసేసింది.

శనివారం మా ఇంటికి వచ్చింది. బండ పక్కన గొంతుక్కూర్చుని నంబర్లు చదివింది. అక్కడే గళ్లలో ముప్పై నుంచి ముప్పై ఏడు మీటర్ల దాకా అంకె మార్చింది. పగుళ్లున్న రాయికి వేసే అంకె వేసింది. బొమ్మ నడిపింది. ఒక్క సెకను కాలేదు సార్, ఎరుపు మా ఇంటి కిందికి వచ్చేసింది. తొంభై ఏడు నుంచి తొమ్మిదేళ్లట. అంటే రెండు వేల ఆరు.

లక్ష్మీనర్సమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. “ఎప్పుడొచ్చిందంటున్నది బిడ్డ?” అని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. “పద్దెనిమిదేండ్లు” అంది. తర్వాత నన్ను అడిగింది. “ఈ రాళ్ల సంగతి నీకు ఎరికేనా?” ఎరికే అన్నాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. నాకు మాట తక్కువ కాబట్టి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

హిమజమ్మ కంపెనీ వాళ్లు ఇది బయట పెట్టొద్దన్నారట. ఆమె తన పేరుతో కమిటీకి రాసింది. వాళ్లు మిమ్మల్ని అడుగుతారు. నిజం రాయండి సార్. నేను ఎదురుచూస్తాను.

బుచ్చిరాములు

*

కాకినాడ,
20 నవంబర్ 2024.

విచారణ కమిటీ అధ్యక్షులకు,

తమరి లేఖ అందినది. 1997 నాటి అధ్యయనంలో పరీక్షించిన రాతి నమూనాలన్నియు ఆ ప్రాంతపు శిలకు ప్రాతినిధ్యం వహించునవేనని మరల ధ్రువీకరిస్తున్నాను.

ఆనాటి ల్యాబ్ అటెండరు శ్రీ బుచ్చిరాములు, పరిమిత విద్య గల వ్యక్తి, కొన్ని ముక్కలను తనంత తానుగా తొలగించి, పెట్టెలను సర్ది, సదరు ముక్కలను స్వంత గృహ నిర్మాణమునకు వాడుకొన్నట్లు ఇప్పుడు తెలిసి మిక్కిలి విచారించుచున్నాను. ఇందులో నా అనుమతి గాని, ఎరుక గాని లేవు. పగిలిన ముక్క ఒక్కటియు ఏనాడూ నా పరిశీలనకు రాలేదు. ఆయన ఇంట ఉన్న రాళ్లు నాలుగవ బోరువేనని చెప్పుటకు ఆధారమేదియు లేదు.

ఆయన వయస్సు దృష్ట్యా ఎట్టి చర్య తీసుకొనవద్దని మనవి.

భవదీయుడు
డాక్టర్ జనార్ధనరావు

*

నాచారం,
2 జనవరి 2025.

జనార్ధనరావు గారికి,

కమిటీకి మీరు రాసిన దాని నకలు కాలనీకి వచ్చింది. మహిపాల్ మా ఇంట్లో కూర్చుని చదివాడు. సగంలో ఆపి, “మామా, గిది నీ గురించేనా? నీ గురించి గిన్ని మాటలు ఎవ్వరు ఎప్పుడు రాయలే” అన్నాడు. నవ్వించాలని చూశాడు. చివరిదాకా చదవలేక నాకిచ్చాడు.

గడ్డపార తీసుకుని బండ దగ్గరికి వెళ్లాను. లక్ష్మీనర్సమ్మ బిందె పక్కకు జరిపింది. రెండు నెలల తర్వాత మొదటి మాట అంది. “మెల్లగ. విరుగుతయి.”

నలభై ఒక్కటీ తీశాను. తిరగేశాను.

విరిగిన ప్రతి ముక్కనూ మీరు చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసేవారు. పనికిరాదనుకుంటే దాని మీద ఎర్ర రంగుతో అడ్డంగా రెండు గీతలు కొట్టి, జె.ఆర్. అని రాసి, తేదీ వేసి నాకిచ్చేవారు. ఎర్ర కొట్టివేతలు కొత్తింట్లో కనబడొద్దని లక్ష్మీనర్సమ్మ అప్పుడు అంది. అందుకే ఆ పక్క కిందికి పెట్టాను. ఆమె కూర్చున్న వైపు నా పసుపు నంబర్లు అరిగాయి. మీ ఎరుపు నిన్న వేసినట్టుంది. అయిదారు ముక్కల రంగు సిమెంటుకు అంటుకుని వచ్చింది. అక్షరాలు తిరగబడ్డాయి, కానీ చదవొచ్చు.

ఇది నాకు మొదటి నుంచీ గుర్తుంది. జులైలోనే రాయొచ్చు. మీరే చెబితే మీకు గౌరవంగా ఉంటుందని ఆగాను. ఆగడం నాకు అలవాటు. దాని ఖరీదు ఇంకొకరి చేతులు కట్టాయి.

ముక్కలు కమిటీకి అప్పగించాను. ఖాళీలు మూసింది నేనే అని రాసి సంతకం పెట్టాను. చైర్మన్ చదివి, “మాట్లాడతారా?” అన్నారు. రాసింది చాలన్నాను.

గుంత మీద కట్టడం ఆపమని ఉత్తర్వు వచ్చింది. మహిపాల్ వీధంతా మిఠాయి పంచాడు. అదే రోజు మనుషులు వచ్చి మా వీధి బోర్లన్నిటికీ సీలు వేసి వెళ్లారు. గుంత ఎప్పుడు తవ్వుతారో ఉత్తర్వులో లేదు. హిమజమ్మను కంపెనీ తీసేసింది. రాళ్లు ఎందుకు ఇంటికి పట్టుకుపోయావని సంస్థ నుంచి నాకు నోటీసు వచ్చింది. పట్టుకుపోయానని జవాబు రాశాను.

దవాఖానలో లక్ష్మీనర్సమ్మ చేతులు చూసి, ఇక ముందు ఎక్కువ కాకపోవచ్చన్నారు. తగ్గుతాయనలేదు.

మీ ఆహ్వానం అందింది. రాను.

మీ మిషను విప్పకుండానే తిరిగి పంపుతున్నాను. అదే డబ్బాలో గుడ్డలో చుట్టి ఒక ముక్క పెట్టాను. కమిటీ వాళ్లను అడిగి, రాసిచ్చి తీసుకున్నాను. పగిలిన ముక్క ఒక్కటి కూడా మీ పరిశీలనకు రాలేదన్నారు. చూడండి.

మిగిలిన నలభై నేనూ హిమజమ్మా కలిసి కొత్త పెట్టెలో వరుసగా పేర్చాం. మీకు పంపిన దాని చోట చెక్కదిమ్మె పెట్టాను. దాని మీద పొడవు రాశాను. అయిదు సెంటీమీటర్లు.

బుచ్చిరాములు